ఇంగ్లీష్ ముందు చెవికి, తర్వాతే కంటికి

విశాఖలో జాలరిపేటలోనో కంచరపాలెంలోనో పెరిగే అయిదేళ్ళ పిల్లాడికి ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదని అనేస్తాం గానీ, వాడు పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా మాట్లాడే మాటలు కాస్త చెవిపెట్టి వింటే బస్సు, ఆటో, బోటు, బీచ్, లైటు, ఫ్యాను, బ్యాటు, బాలు, పెన్ను, బ్యాగు, గేటు, బిస్కెట్టు, ఐసు, టీవీ, ఫోను, హార్బరు, షిప్‌యార్డు అని వరసగా వస్తూనే ఉంటాయి, ఓపిగ్గా రాసుకుంటే వంద దాటడం పెద్ద కష్టం కాదు. వీటిని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, స్పెల్లింగ్ చెప్పలేదు, వింటూ వింటూ వచ్చేశాయి. ప్రతి మాట వెనకా ఒక వస్తువుంది, ఒక పనుంది, అందుకే నిలబడ్డాయి. బడికెళ్ళే రోజుకి వాడి చెవిలో ఉన్న ఈ సరుకే ఇంగ్లీష్‌కి మొదటి పెట్టుబడి. మన బళ్ళల్లో ఎక్కువ చోట్ల దీన్ని పట్టించుకునేవాళ్ళే ఉండరు, మొదటి రోజే పలక మీద పెద్ద ఏ, చిన్న ఏ రాసి దిద్దమంటారు.

చిక్కు అక్కడ మొదలవుతుంది. తెలుగులో అక్షరం పేరు, అది పలికే శబ్దం రెండూ ఒకటే. క అంటే క, ల అంటే ల, ప, ల, క అని వరసగా అనేస్తే పలక వచ్చేస్తుంది. నేర్చుకోవాల్సిన గుర్తులు మాత్రం చాలా ఎక్కువ, గుణింతాలు ఒత్తులు అన్నీ కలిపితే వందల్లో తేలతాయి, అందుకే తెలుగు ధారాళంగా చదవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, కానీ ఒకసారి గుర్తు తెలిసిందంటే అది మళ్ళీ మాట మార్చదు. ఇంగ్లీష్ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్షరాలు 26, శబ్దాలేమో 44 దాకా, పైగా అక్షరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి. సి అని పేరు, క్యాట్‌లో పలికేది క. జి అని పేరు, గోట్‌లో పలికేది గ. వై అని నేర్చుకున్నది యెల్లోలో య అవుతుంది, డబ్ల్యూ అనే అంత పొడుగు పేరున్నది వాటర్ దగ్గరికొచ్చేసరికి ఉత్త వ. ఏ ఫర్ యాపిల్ అని క్లాసంతా కలిసి అరిచే మొదటి పాఠంలో కూడా, ఏ అనే శబ్దం యాపిల్‌లో ఎక్కడా వినపడదు!

తెలుగు అలవాటుతో వచ్చిన పిల్లాడు అక్షరం పేరే శబ్దం అనుకుంటాడు, అందులో వాడి తప్పేం లేదు. సి, ఏ, టి అని మూడు పేర్లు గట్టిగా చెప్పించి క్యాట్ అంటారు, సీయేటీలోంచి క్యాట్ ఎలా పుట్టిందో చెప్పేవాళ్ళుండరు, దాంతో వాడు మాట మొత్తాన్ని ఒక బొమ్మలాగా గుర్తుపెట్టేసుకుంటాడు. యూకేజీలో, ఒకటో తరగతిలో ఇది బాగానే నడిచిపోతుంది, ఎందుకంటే పుస్తకంలో ఉన్న మాటలే తక్కువ, పిల్లల జ్ఞాపకశక్తేమో ఎక్కువ, పేజీ తీయగానే గడగడా చదివేస్తుంటే ఇంట్లో అందరికీ సంతోషం. మూడో తరగతికి వచ్చేసరికి పాఠాలు పొడుగవుతాయి, ప్రతి పేజీలో కొత్త మాటలు పదిహేను ఇరవై వస్తాయి, అన్ని బొమ్మలు బుర్రలో పట్టవు, అక్కడ ఆగిపోతాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం "నిన్నటిదాకా బాగా చదివేవాడు, ఈ సంవత్సరమే ఏదో అయ్యింది" అంటారు. నిజానికి వాడు నిన్న కూడా చదవలేదు, అప్పచెప్పాడు.

ఇది ఇంట్లోనే కనిపెట్టొచ్చు. అర్థం లేని మాటలు, టిబ్, వెప్, శిబ్ లాగా మనమే కల్పించిన చిన్న చిన్న మాటలు నాలుగు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి చూపిస్తే, శబ్దాలు కలుపుకుని చదవడం వచ్చిన పిల్ల నెమ్మదిగా అయినా పలుకుతుంది, బొమ్మలు గుర్తుపెట్టుకున్న పిల్ల మొహం చూస్తుంది. ఇంగ్లాండ్‌లో 2012 నుంచి ఇయర్ వన్ తరగతి పిల్లలందరికీ పెడుతున్న ఫోనిక్స్ పరీక్షలో, అంటే శబ్దాలు కలిపి చదవడం వచ్చిందా అని చూసే పరీక్షలో, 40 మాటలుంటే అందులో సగం ఇలా కల్పించినవే ఉంటాయి, కారణం ఇదే.

అసలు ఈ స్పెల్లింగులు ఇంత గందరగోళంగా ఎందుకున్నాయంటే దానికో చరిత్ర ఉంది. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లాండ్‌లో అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా గట్టిపడిపోయాయి, అదే కాలంలో జనం నోట్లో అచ్చుల ఉచ్చారణ మారిపోతూ వచ్చింది, అంటే రాత ఒకచోట ఆగింది, నోరు ముందుకెళ్ళిపోయింది. నైఫ్‌లో మొదట ఉండే కె ఒకప్పుడు పలికేవాళ్ళే. పిల్లలకి ఈ కథంతా అక్కర్లేదు గానీ టీచర్‌కి తెలిస్తే మంచిది, ఎందుకిలా అని పిల్ల అడిగినప్పుడు నోర్మూసుకుని రాయి అనకుండా ఉంటారు.

ఇప్పుడు ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో, మధురవాడ వైపు ఫోనిక్స్ క్లాసుల బోర్డులు బాగా కనపడుతున్నాయి. ఫోనిక్స్ అంటే అక్షరం పేరు పక్కనపెట్టి శబ్దం నేర్పడం, ఆ శబ్దాలు కలిపి మాట చెయ్యడం. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఏ బి సి డి వరస కాకుండా ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్ అనే ఆరింటితో మొదలుపెడతారు, ఎందుకంటే ఆ ఆరు వస్తే చాలు పిన్, టిన్, సిట్, ట్యాప్, యాంట్ అని బోలెడు మాటలు రెండో వారంలోనే చదివేయొచ్చు. మన పిల్లలకి ఇక్కడ తెలుగు ఒక మంచి సాయం చేస్తుంది, అదే పొల్లు. క్, ట్, ప్, న్ అని అచ్చు లేకుండా హల్లుని విడిగా పలకడం తెలుగు నేర్చుకున్న పిల్లకి తెలిసిన విషయమే. కానీ చాలామంది టీచర్లు తెలియకుండానే బ, ట అని అచ్చు కలిపేసి చెప్తారు. అప్పుడు బ్యాట్ అనే మాటని విడదీస్తే బ, యా, ట అవుతుంది, వాటిని మళ్ళీ కలిపితే బయాట వస్తుంది గానీ బ్యాట్ రాదు. పిల్ల తెల్లబోయి చూస్తుంది. బ్, ట్ అని పొల్లుతో చెప్తే గొడవే లేదు. మధ్యలో ఉన్న ఆ యా లాంటి శబ్దానికి మనకి విడిగా అక్షరం లేదు, అందుకే బ్యాంకు, ఫ్యాను అని య ఒత్తు పెట్టి రాసుకుంటున్నాం, శబ్దం మాత్రం మన నోటికి కొత్తేం కాదు.

ది, వాజ్, సెడ్, వన్, టూ లాంటివి శబ్దాలు కలిపితే రావు, వాటిని చూపుతో గుర్తుపట్టాల్సిందే. అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ 1936లో ఇలా తరచూ వచ్చే మాటలు 220 ఏరి పెట్టాడు, ఇప్పటికీ చాలా స్కూళ్ళు గోడమీద అతికించేది ఆ జాబితానో దానికి దగ్గర్లో ఉన్నదో. రోజుకి మూడు చాలు.

ఇంతవరకూ బాగానే ఉంది, అయితే ఫోనిక్స్ ఒక్కటే పట్టుకుంటే మనకి పని జరగదు, ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు 1986లో ఒక చిన్న లెక్క చెప్పారు, చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటగా మార్చే శక్తిని విని అర్థం చేసుకునే శక్తితో గుణించడం అని. కూడిక కాదు, గుణకారం. రెండిట్లో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. లండన్‌లో అయిదేళ్ళ పిల్ల ఇంగ్లీష్ వినడంలో అయిదేళ్ళు గడిపి బడికొస్తుంది, టిన్ అని కూడబలుక్కోగానే ఆ డబ్బా కళ్ళముందు కనపడుతుంది. మన గాజువాక పిల్లకి టిన్ అని పలకడం వచ్చినా, ది హెన్ ఈజ్ ఇన్ ది పెన్ అని వాక్యం పూర్తిచేసినా, కోడి పెన్నులో ఎందుకు దూరిందో అర్థం కాదు, ఎందుకంటే పెన్ అంటే కోళ్ళ దొడ్డి అని కూడా అర్థం ఉందని ఎప్పుడూ వినలేదు. తప్పు లేకుండా చదివింది, ఏం చదివిందో తెలీదు. బయటి దేశం పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టుకుంటే జరిగేదిదే, వాళ్ళ పద్ధతి వాళ్ళ పిల్లల చెవిలో అప్పటికే ఉన్న ఇంగ్లీష్ మీద కట్టింది.

దేశం మొత్తం మీద పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేలో ఇది కనపడుతుంది. అయిదో తరగతి పిల్లల్లో తేలికైన ఇంగ్లీష్ వాక్యాలు చదవగలిగినవాళ్ళు 2016లో 24.7 శాతం, 2022లో 24.5 శాతం. ఆరేళ్ళలో ఎన్ని ఇంగ్లీష్ మీడియం బోర్డులు లేచాయో, ఎంత ఫీజులు కట్టారో ఆలోచిస్తే ఈ రెండు అంకెలు పక్కపక్కన చూడ్డానికే బాధగా ఉంటుంది.

మరి చెవిలోకి ఇంగ్లీష్ ఎలా వెళ్ళాలి? ఇంటి దగ్గర లేదు, వీధిలో లేదు, నేవీ క్వార్టర్స్ దగ్గర్లో ఉన్న స్కూళ్ళలో అయితే హిందీ పిల్లలు, మళయాళం పిల్లలు కలుస్తారు కాబట్టి ఆటల్లో కాస్త ఇంగ్లీష్ దొర్లుతుంది, మిగతా చోట్ల క్లాసులో టీచర్ నోరే దిక్కు. రోజూ ఒక ఇరవై నిమిషాలు పుస్తకం మూసేసి వినడానికి పెడితే చాలు. టీచర్ స్టాండ్ అప్ అని తను లేస్తుంది, సిట్ డౌన్ అని కూర్చుంటుంది, టచ్ యువర్ నోస్, ఓపెన్ ది డోర్, గివ్ ద పెన్సిల్ టు యువర్ ఫ్రెండ్, పిల్లలు జవాబు చెప్పక్కర్లేదు, చేస్తే చాలు. తర్వాత ఒక కథ. కథ ముందు తెలుగులో చెప్పేయాలి, హాయిగా, నవ్విస్తూ, మర్నాడు అదే కథ ఇంగ్లీష్‌లో చేతులు ఊపుతూ బొమ్మలు చూపిస్తూ చెప్తే కథ తెలిసిందే కాబట్టి బుర్ర మొత్తం భాష మీదే ఉంటుంది. అదే కథ వారం రోజులు చెప్పినా పిల్లలకి విసుగు రాదు, విసుగొచ్చేది పెద్దవాళ్ళకే. కొంతమంది పిల్లలు నెలల తరబడి నోరు విప్పరు, వింటూ ఉంటారు, వాళ్ళని లేపి నిలబెట్టి మాట్లాడమని పట్టుబట్టకూడదు, కుండలో నీళ్ళు నిండుతున్నాయి, నిండాక పొర్లుతాయి.

మాట్లాడ్డం కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. మే ఐ కమ్ ఇన్ టీచర్ అనేది ప్రతి పిల్లకీ వచ్చు, అయితే అది వాళ్ళకి ఒకే ఒక్క పొడుగు మాట, మేయైకమిన్. దాన్నే విడగొట్టి మే ఐ డ్రింక్ వాటర్, మే ఐ టేక్ యువర్ రబ్బర్ అని చివర మార్చి వాడించడం మొదలుపెడితే వాక్యం ఎలా పనిచేస్తుందో వ్యాకరణం చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇక పిల్లలు చేసే తప్పులు చాలావరకు తెలుగులోంచి నేరుగా వచ్చినవి, అవి చూస్తే పిల్ల ఎంత తెలివిగా ఆలోచిస్తోందో తెలుస్తుంది. వచ్చాను అన్న మాటలోనే నేను ఉంది కాబట్టి కేమ్ టీచర్ అంటుంది. వస్తున్నావా అని చివర ఆ పెడితే ప్రశ్న అవుతుంది కాబట్టి కమింగ్ ఆ అని అడుగుతుంది. నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు అన్నదాంట్లో ఉన్నారు కోసం వెతుక్కుని ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్ అంటుంది. వీటికి దెబ్బలాడక్కర్లేదు, కమింగ్ ఆ అంటే "ఆర్ యు కమింగ్? యెస్, ఐ యామ్ కమింగ్" అని సరైనది మెత్తగా తిరిగి వినిపిస్తే చాలు, పదిసార్లు వింటే పదకొండోసారి దానంతటదే సర్దుకుంటుంది. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్ళు ఇంకా ఉన్నాయి. అది పిల్లలకి ఇంగ్లీష్ నేర్పదు, నోరు మూసుకోవడం నేర్పుతుంది, ఇంట్లో అమ్మ మాట్లాడే మాట సిగ్గుపడాల్సిందని నేర్పుతుంది. అది ఆపాల్సిందే.

ఈ విషయంలో విశాఖకి ఒక పాత బంధం ఉంది. 1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీష్ దొర ఈ ప్రాంతానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు, జనం మాట్లాడే తెలుగుకీ చిన్న క్లాసుల్లో చెప్పే తెలుగుకీ ఇంత తేడా ఎందుకుందని ఆయనకి అర్థం కాలేదు, విశాఖలో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్ని అడిగితే ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు, వ్యావహారిక భాష ఉద్యమం అలా ఊపందుకుంది. గిడుగు రామమూర్తి గారు అంతకుముందే సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, బడి పెట్టి వాళ్ళ భాషలోనే పాఠం చెప్పించారు. ఆనాటి ప్రశ్న ఇవాళ్టి ఉత్తరాంధ్ర పిల్లకి రెండింతలైంది. ఇంట్లో "ఏటి సేస్తన్నావు" అంటుంది, పుస్తకంలో ఏమి చేస్తున్నావు అని ఉంటుంది, పక్క పుస్తకంలో వాట్ ఆర్ యు డూయింగ్. ఒక అర్థానికి మూడు రూపాలు, మొదటిది తప్పు అని కసిరితే మిగతా రెండిటికీ పట్టుకొమ్మ ఉండదు.

ఉచ్చారణ గురించి తల్లిదండ్రులు అనవసరంగా బెంగపడతారు. షిప్, షీప్ తేడా చాలా భాషలవాళ్ళకి కష్టం, మనకి ఇ, ఈ ఉన్నాయి కాబట్టి అసలు సమస్యే కాదు. మనకి కష్టమైనవి వేరే, వెస్ట్ అంటే పడమరా బనీనా అన్నది తెలుగు చెవికి ఒకేలా వినపడుతుంది, జూలో మొదటి శబ్దం మనకి జ అయిపోతుంది, మాట చివర అచ్చు తగిలించేసి బస్సు, రోడ్డు అంటాం. అర్థం మారిపోయే చోట సరిదిద్దితే చాలు, మిగతాది యాస, ఎవరి యాస వాళ్ళకుంటుంది.

రాయడం ఆఖర్న రావాలి, మనం మొదట పెట్టాం. మూడున్నరేళ్ళ పిల్ల చేత నాలుగు గీతల కాపీలో రెండు పేజీలు రాయిస్తే వేళ్ళు నొప్పెట్టడం తప్ప ఏమీ రాదు, ఆ వయసులో మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా గట్టిపడవు. వీధిబళ్ళ కాలంలో ఇసకలో దిద్దించేవాళ్ళు, అక్షరాభ్యాసానికి ఇప్పటికీ బియ్యంలో రాయిస్తాం, వేలికి ఆ ఆకారం తగిలి గుర్తుంటుందని. ఆదివారం సాయంత్రం బీచ్‌కి తీసుకెళ్ళి తడి ఇసకలో ఎస్ అనే అక్షరం పామంత పొడుగ్గా గీయించి స్ స్ స్ అనిపిస్తే అది నాలుగు పేజీల కాపీ కన్నా ఎక్కువ పని చేస్తుంది. తర్వాత తనంతట తను రాయడం మొదలుపెట్టిన పిల్ల స్కూల్‌ని ఎస్ కె యు ఎల్ అని రాస్తుంది. దానికి ఎర్ర పెన్నుతో కొట్టివేత పడుతుంది, నిజానికి అది చాలా మంచి కబురు. చెవితో విని ఒక్కో శబ్దానికి ఒక్కో అక్షరం వెతికి పెట్టింది, చూసి రాయలేదు. పక్కన సరైన స్పెల్లింగ్ రాసిపెడితే సరిపోతుంది.

మీడియం గొడవ ఇంకోటి. 2019 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీష్ మీడియం అని 85వ నంబర్ జీవో ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, విషయం సుప్రీంకోర్టుకెళ్ళింది, అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషలో వీలైనంతవరకు చెప్పమంది. ఈ వాదన ఇప్పట్లో తేలదు. అయితే ఇంగ్లీష్ బాగా నేర్పడం వేరు, లెక్కలూ సైన్సూ ఇంగ్లీష్‌లో చెప్పడం వేరు, రెండూ కలిపేసి మాట్లాడుకోవడం వల్ల మొదటిది ఎలా చెయ్యాలన్న ప్రశ్నే వెనక్కిపోయింది. ఈ గొడవలో నుంచి వచ్చిన మంచి వస్తువు ఒకటుంది, 2020-21 నుంచి ప్రభుత్వ బళ్ళకి ఇచ్చిన రెండు భాషల పుస్తకాలు, ఒక పేజీలో ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ముందు తెలుగు పేజీ చదివించి, మాట్లాడించి, అప్పుడు ఇంగ్లీష్ పేజీకి వస్తే మొదట చెప్పుకున్న గుణకారంలో రెండు అంకెలూ పెరుగుతాయి. తెలుగు పేజీని ఇంగ్లీష్ రానివాళ్ళ కోసం అనుకుని వదిలేస్తే పుస్తకం బరువు తప్ప లాభం లేదు.

ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలు మేమేం చెయ్యగలం అంటారు. పాఠం చెప్పక్కర్లేదు, అడగడం చాలు. రాత్రి అన్నం పెడుతూ "ఇయాల టీచర్ ఇంగ్లీష్ కథ సెప్పారా, ఏటది, నాకూ సెప్పు" అని అడిగితే పిల్ల ఇంగ్లీష్‌లో విన్నది తెలుగులో చెప్పాలి, చెప్తూ చెప్తూ మధ్యలో రెండు ఇంగ్లీష్ మాటలు అలాగే వాడేస్తుంది, అవి అర్థమై నిలబడిన మాటలు. "రైమ్ చెప్పు" అని చుట్టాల ముందు నిలబెట్టడం కన్నా ఇది నయం. మర్నాడు జగదాంబ జంక్షన్‌లో ఆటో కోసం ఆగినప్పుడు ఎదురుగా ఉన్న బోర్డు మీద తెలుగులో ఒకసారి ఇంగ్లీష్‌లో ఒకసారి రాసిన కొట్టు పేరు చూపించి, ఇందులో ఎస్ ఎక్కడుందో కనిపెట్టు అంటే ఆటో వచ్చేలోపు మూడు బోర్డులు చదివేస్తుంది.